ప్లాను చేతికొచ్చాకే అసలు పని: ఆర్కిటెక్టుతో కలిసి ఇల్లు కట్టించుకోవడం గురించి

మీ ప్రశ్నలో మూడు సంగతులు కలిసిపోయాయి. శ్రీకాకుళంలో ఆమదాలవలస రోడ్డు వైపు మీకు ఐదు సెంట్ల స్థలం ఉంది. కింద అమ్మానాన్నలకు ఒక వాటా, పైన మీకూ తమ్ముడికీ ఒక వాటా అనుకున్నారు. మీరు హైదరాబాదులో, తమ్ముడు బెంగళూరులో. ఆర్కిటెక్టుకు అడ్వాన్సు ఇచ్చారు, ప్లాను నాలుగుసార్లు మారింది, ఇప్పుడు ఆయన ఫోను ఎత్తడం తగ్గించారు, బకాయి మాత్రం అడుగుతున్నారు. ఇటు నాన్నగారేమో, "మన పాత డాబా మేస్త్రే కట్టాడు, నిక్షేపంలా ఉంది, ఈ కాగితాలకు ఇంత డబ్బెందుకు" అంటున్నారు. ఆర్కిటెక్టును మానేయాలా, కొనసాగించాలా, కొనసాగిస్తే అంత దూరం నుంచి పని ఎలా జరిపించుకోవాలి, ఇదీ మీ ప్రశ్న.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఏళ్లుగా ఇళ్లకూ చిన్న ఆసుపత్రులకూ కల్యాణ మండపాలకూ డ్రాయింగులు గీసి కట్టిస్తున్న ఆర్కిటెక్టును. మా వృత్తి వైపు నాకు మొగ్గు ఉంటుంది, అది గుర్తు పెట్టుకునే చదవండి. అయినా మీరు రాసినదాన్ని బట్టి లోపం రెండు వైపులా ఉంది. ఆయన్ను మానేయకండి. అలాగని ఇప్పుడున్న పద్ధతిలో ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.

ఇల్లు కట్టడమంటే కొన్ని వందల నిర్ణయాలు వరసగా తీసుకోవడం. కిటికీ అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి, మెట్ల కింద ఏం రావాలి, వంటింటి సింకు నీళ్లు ఎటు పోవాలి, ఏసీ నీరు కారే గొట్టం ఏ గోడలోంచి దిగాలి. వీటిలో ఒక్కటి కూడా తేలకుండా ఉండిపోదు. మీరు తేల్చకపోతే ఆర్కిటెక్టు తేలుస్తారు. ఆయన డ్రాయింగులో చూపించకపోతే మేస్త్రి తేలుస్తారు. మేస్త్రి ఆ పూట ఇంకో సైటుకు వెళ్తే సెంట్రింగు కొట్టే కుర్రాడు తనకు తోచినట్టు కానిచ్చేస్తాడు. ఆ కుర్రాడిని అనడానికి లేదు. మిల్లరు తిరుగుతోంది, కంకర కలుస్తోంది, ఎవరో ఒకరు చెప్పాలి. యజమానికీ ఆర్కిటెక్టుకూ మధ్య కుదరాల్సింది ఇదే: ఏ నిర్ణయం ఎవరిది, ఏ దశ దాటకముందు అది తేలిపోవాలి. ఇది కుదిరిన చోట సాదాసీదా ఆర్కిటెక్టుతోనూ మంచి ఇల్లు వస్తుంది. కుదరని చోట ఎంత పేరున్నవారిని పెట్టుకున్నా రోజూ తగువే.

విజయనగరంలో ఒక ఇంటి సంగతి చెబుతాను. కింద పార్కింగు, పైన ఇల్లు, లిఫ్టు ఉంది. పై అంతస్తులో స్నానాల గది వచ్చే చోట శ్లాబును చుట్టుపక్కల కంటే తొమ్మిది అంగుళాలు కిందికి దించి పోస్తారు. గొట్టాలు ఆ గుంటలో పరిచి, పైన నింపి, మిగతా గదులతో దాదాపు సమానంగా నేల వేస్తారు. సంకెన్ శ్లాబు అని మేస్త్రులు అనేది దీన్నే. శ్లాబు పోశారు, సెంట్రింగు విప్పారు. అప్పుడు యజమాని అక్కగారు ఊరి నుంచి వచ్చి, ఆ మూలన మరుగుదొడ్డి ఉండకూడదు, నాలుగు అడుగులు ఇటు జరపండి అన్నారు. యజమాని ఆర్కిటెక్టుకు ఒక్క మాట చెప్పకుండా నేరుగా మేస్త్రికి పురమాయించారు. దించిన శ్లాబు ఒకచోట, గది ఇంకోచోట అయ్యాయి. కొత్త చోట గొట్టాలు పట్టాలంటే నేల లేపక తప్పదు. పడగ్గదిలోంచి స్నానాల గదిలోకి ఎనిమిది అంగుళాల మెట్టు వచ్చింది. ఆ గది మోకాళ్ల నొప్పులున్న వాళ్ల అమ్మగారిది. పాత గుంటను ఇటుక ముక్కలతో పూడ్చారు, ఆ బరువు శ్లాబు మీద ఊరికే ఉండిపోయింది. అదే మాట ప్లాను దశలో వచ్చి ఉంటే ఒక గీత చెరిపి ఇంకో గీత గీసేవారు. వాస్తు పట్టింపును నేను తప్పు పట్టడం లేదు. అది శ్లాబు పడ్డాక రావడమే అనర్థం.

అందుకే ప్లాను గీయించుకోవడానికి ముందే మీ ఇంట్లో జరగాల్సిన పని ఒకటి ఉంది. ఇంటి తరఫున మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. అది మీరు కావచ్చు, నాన్నగారు కావచ్చు. అమ్మ వంటింటి గురించి, తమ్ముడు పై వాటా గురించి ఏం చెప్పినా ఆ ఒక్కరి ద్వారానే ఆర్కిటెక్టుకు చేరాలి. మీ నాలుగు మార్పుల్లో రెండు తమ్ముడు విడిగా ఫోను చేసి చెప్పినవనీ, ఒకటి సిద్ధాంతి గారు చెప్పగా నాన్నగారు చేయించినదనీ మీరే రాశారు. ఆర్కిటెక్టు దృష్టిలో అవి మూడు ఇళ్ల నుంచి వచ్చిన మూడు ఉత్తర్వులు. సిద్ధాంతిని కూడా ఒక్కరినే ఎంచుకోండి, మొదటి నమూనా గీయకముందే ఆయన్నూ ఆర్కిటెక్టునూ ఎదురెదురుగా కూర్చోబెట్టండి. వంటగది ఆగ్నేయంలోనే రావాలి, బరువు నైరుతిలో ఉండాలి అనే పట్టింపులు ముందే తెలిస్తే వాటిని పాటిస్తూనే గాలి వెలుతురు తెచ్చే దారి ఏ మంచి ఆర్కిటెక్టుకైనా దొరుకుతుంది.

రెండోది డబ్బు. ఇక్కడ చాలామంది ఆర్కిటెక్టు దగ్గర అసలు అంకె దాస్తారు. ఎక్కువ చెబితే ఎక్కువ ఖర్చు పెట్టిస్తారని భయం. లేదా "మంచిగా చేయండి సార్, డబ్బు సంగతి తర్వాత చూద్దాం" అంటారు. ఈ రెండో మాట మరీ ప్రమాదం. ఐదు సెంట్లంటే 242 గజాలు, 2178 చదరపు అడుగులు. చుట్టూ వదలాల్సిన ఖాళీ పోను మిగిలిన దాంట్లో ఎంత కట్టాలనేది మీ జేబును బట్టి తేలాలి, ఎంత పడుతుందన్నదాన్ని బట్టి కాదు. పైగా "చదరపు అడుగుకు ఇంత" అని మీరు వేసుకునే లెక్కలో రానివి చాలా ఉంటాయి: ప్రహరీ, గేటు, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, వంటింటి అరలు, అలమరలు, కరెంటు కనెక్షను, ప్లాను ఆమోదం రుసుములు. ఆమదాలవలస రోడ్డు వైపు లేఅవుట్లలో చాలా భాగం ఒకప్పుడు వరి మళ్లు. రోడ్డు మట్టానికి రావాలంటే గ్రావెల్ తోలించాలి, ఆ ఖర్చు చాలామందికి పునాది తీసేరోజు దాకా గుర్తుకు రాదు. మీ దగ్గరున్న మొత్తం, బ్యాంకు ఇచ్చే అప్పు కలిపి లెక్క వేసుకోండి. అందులో పదో వంతు చెప్పకుండా పక్కన పెట్టుకోండి, అది మీ జాగ్రత్త. ఆర్కిటెక్టుకు చెప్పే మిగతా అంకె మాత్రం నిజమైనదై ఉండాలి. ఆ అంకెలో ఇల్లు రాదని తెలిస్తే ఆ మాట మొదటి నమూనాతోనే చెప్పడం ఆర్కిటెక్టు బాధ్యత.

నమూనా ఖాయం చేసే ముందు ఒక పని చేయమని నేను అందరినీ బతిమాలుతాను. కాగితం మీద ప్లాను చదవడం మామూలు మనుషులకు రాదు, వచ్చినట్టు తలూపుతారు. పది అడుగుల గది అంటే ఎంతో ఇప్పుడున్న ఇంట్లో టేపు పెట్టి కొలిచేదాకా తెలియదు. అందుకని స్థలం చదును చేశాక ఆ ప్లాను మొత్తాన్ని నేల మీద ముగ్గు పోయించండి. గోడలు, గుమ్మాలు, మెట్లు, అన్నీ అసలు కొలతల్లో. అమ్మగారిని తీసుకెళ్లి వంటగదిలో నిలబడమనండి. మంచం కొలతకు నాలుగు కర్రలు పరిచి, దాని చుట్టూ నడవమనండి. పూజగది తలుపు తీస్తే ఎవరికి అడ్డం వస్తుందో, హాల్లో కూర్చుంటే స్నానాల గది తలుపు ఎదురుగా కనబడుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. ఒక పూట పని. దీని తర్వాత అడిగే మార్పులే అసలైన మార్పులు, వాటిని ఆర్కిటెక్టు విసుక్కోకుండా చేయాలి.

ఇప్పుడు మీ ఆర్కిటెక్టు ఫోను ఎందుకు ఎత్తడం లేదన్న సంగతి. నాకు తోచేది ఇది. మీ మధ్య రాతకోతలేమీ లేవు. ఎన్ని నమూనాలు, ఎన్ని మార్పులు, ఏ దశకు ఎంత, సైటుకు ఎన్నిసార్లు రావాలి, ఏదీ తేల్చుకోలేదు. మీరు ఇచ్చిన అడ్వాన్సు రెండో మార్పుతోనే అయిపోయిందని ఆయన లెక్క. ఇంటి పని ఇంకా మొదలే కాలేదు, బకాయి ఏమిటని మీ లెక్క. ఎవరి లెక్క వారికి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఇక మీదట మార్పులకు విడిగా అవుతుందని రెండో మార్పు దగ్గరే ఆయన చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా మౌనం పట్టడం వృత్తి మర్యాద కాదు. వెళ్లి ఎదురుగా కూర్చోండి. ఇప్పటిదాకా జరిగిన పనికి ఎంత అన్నది తేల్చి, ఆ బాకీ తీర్చేయండి. తర్వాత కొత్తగా, కాగితం మీద ఒప్పందం రాసుకోండి.

ఆ ఒప్పందానికి నమూనా కోసం వెతుక్కోనక్కర్లేదు. 1972 ఆర్కిటెక్టుల చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ షరతులను, ఫీజు చెల్లింపు దశలను ప్రచురించింది. అందులో గమనించాల్సిన విషయం, మున్సిపాలిటీ ఆమోదానికి డ్రాయింగులు సిద్ధమయ్యేసరికి మొత్తం ఫీజులో సుమారు మూడో వంతే చెల్లిస్తారు. మిగతాది పని డ్రాయింగులకూ, కాంట్రాక్టరు ఎంపికకూ, సైటు చూడటానికీ. అంటే మన దగ్గర జనం "ప్లాను అయిపోయింది కదా, ఇంకేం పని" అనుకునే చోట ఆర్కిటెక్టు పనిలో పెద్ద భాగం ఇంకా మిగిలే ఉంటుంది. మన ఊళ్లలో ఫీజు చాలావరకు చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుంటారు. ఆ లెక్కైనా ఫరవాలేదు, దశలు మాత్రం విడగొట్టి రాసుకోండి.

ఈ తేడా మీ నాన్నగారికి కూడా చెప్పాలి. ఆమోదానికి పంపే ప్లాను ప్రభుత్వం కోసం. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు, ఎంత ఎత్తు, అందులో ఉండేవి ఇవే. లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణులు ఆన్‌లైన్‌లో పెడతారు. ఆ కాగితంతో ఇల్లు కట్టలేరు. కట్టడానికి కావలసినవి వేరే: పిల్లర్ల స్థానాలు, పునాది లోతు, బీముల్లో రాడ్ల లెక్క, ప్రతి గోడ మీదా కిటికీల ఎత్తు, కరెంటు పాయింట్లు, నీటి గొట్టాలు, మురుగు వాలు, మెట్లు, తలుపుల కొలతల పట్టిక. రాడ్ల డ్రాయింగులు స్ట్రక్చరల్ ఇంజనీరువి, ఆయన సంతకం వేరుగా ఉండాలి. ఇవన్నీ లేకుండా ఆమోదం ప్లాను ఒక్కటే మేస్త్రికి ఇచ్చి శంకుస్థాపన చేసేవారు మన జిల్లాల్లో ఇప్పటికీ ఎక్కువమందే. ఆ ఇళ్లలో నిర్ణయాలన్నీ నేను పైన చెప్పిన కుర్రాడి దాకా జారిపోతాయి. ఆమోదం ఒక రకంగా తీసుకుని ఇంకో రకంగా కట్టడం కూడా మన దగ్గర మామూలైపోయింది. ఇల్లు ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు దగ్గర, రేపు అమ్మాలన్నా అప్పు తీసుకోవాలన్నా బ్యాంకు దగ్గర అది మెడకు చుట్టుకుంటుంది. మీ ఆర్కిటెక్టు దీనికి "పరవాలేదు, అందరూ చేస్తారు" అంటే అక్కడే ఆగి ఆలోచించండి.

ఆయన నిజంగా ఆర్కిటెక్టేనా అన్నది కూడా చూసుకోండి. మన పట్నాల్లో ప్లాన్లు గీసే ఇంజనీర్లనూ డ్రాఫ్ట్‌మెన్లనూ అందరినీ ఆర్కిటెక్టనే పిలుస్తారు. భవనాల నమూనా పని ఇతరులు చేయకూడదని చట్టం అనడం లేదనీ, ఆర్కిటెక్టు అన్న హోదా మాత్రం కౌన్సిల్‌లో నమోదైనవారే పెట్టుకోవాలనీ సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. నమోదు సంఖ్య అడగడంలో తప్పు లేదు, కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. నమోదైనవారికి వృత్తి నియమావళి వర్తిస్తుంది, 1989 నుంచి ఉంది. కాంట్రాక్టరు దగ్గర, సామగ్రి అమ్మే దుకాణాల దగ్గర కమీషను పుచ్చుకోకూడదు. కాంట్రాక్టరుకూ మీకూ మధ్య తగువు వస్తే పక్షపాతం లేకుండా చెప్పాలి. టైల్సు ఫలానా షాపులోనే కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే కారణం అడగండి.

మేస్త్రి సంగతి. నాన్నగారి మాటలో ఉన్న నిజాన్ని తోసిపుచ్చకండి. మీ పాత డాబా కట్టిన మేస్త్రికి ఆ ప్రాంతపు మట్టి తెలుసు, ఇటుక తెలుసు, ఏ రేవు ఇసుకలో ఒండ్రు ఎక్కువో తెలుసు. నాకు ఆ జ్ఞానం సైటులో మేస్త్రుల నుంచే వచ్చింది. ఆయన్నే పెట్టుకోండి, కానీ డ్రాయింగు చదివి, అందులో ఉన్నదే చేస్తాననే షరతు మీద. పని మొదలుపెట్టే ముందు ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, మేస్త్రి, నాన్నగారు, వీలైతే మీరూ ఒక పూట సైటులో కూర్చుని డ్రాయింగులు ఒక్కొక్కటీ తిరగేయండి. మేస్త్రి "ఇది ఇలా కుదరదు" అనే రెండు మూడు చోట్లు తప్పకుండా వస్తాయి, వాటిలో ఒకటైనా నిజంగానే కుదరనిది అయి ఉంటుంది. అది అక్కడే సరిదిద్దుకోవచ్చు.

లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు ఆర్కిటెక్టును పక్కన కూర్చోబెట్టుకోండి. మన దగ్గర తగువుల్లో సగం రేటు మీద రావు, కొలత మీద వస్తాయి. చదరపు అడుగుకు ఇంతని చేతులు కలుపుతారు. ఆ చదరపు అడుగు దేనిదో ఎవరూ అడగరు. శ్లాబు అంచు నుంచి అంచుకా, గోడ నుంచి గోడకా? బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? సన్‌షేడ్లు, పిట్టగోడ, మెట్ల గది పైకప్పు, సంపు, సెప్టిక్ ట్యాంకు కలిపా, విడిగానా? ఎలివేషన్ కోసం, అంటే ఇంటి ముందు వైపు అందానికి, చేసే అలంకారపు పనికి వేరే రేటా? రెండు అంతస్తుల ఇంట్లో ఈ కొలతల తేడా చివరికి బిల్లులో పెద్ద మొత్తమే అవుతుంది. ఆర్కిటెక్టు ఒక్క పేజీలో కొలత పద్ధతి రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తే చివరి నెల గొడవ ఉండదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇవి మేస్త్రి అడగడు, మీరే ఆర్కిటెక్టునూ ఇంజనీరునూ అడగాలి. మనది తీర జిల్లా, ఉప్పుగాలి రాడ్లను తింటుంది. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును తీవ్ర వర్గంలో పెట్టింది. దానికి కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డును కప్పి ఉండే కాంక్రీటు మందం, కావాలి. తీర ప్రాంతంలోనే ఉన్నా ఉప్పుగాలి నేరుగా తగలని భాగాలు మధ్యస్థ వర్గం, వాటికి ఎం25, 30 మిల్లీమీటర్లు. మీ స్థలం సముద్రానికి కొంత లోపలికి ఉంది కాబట్టి ఏ భాగం ఏ వర్గమో ఇంజనీరు తేల్చి డ్రాయింగు మీద రాయాలి. సైటులో జరిగేది మాత్రం కంకర రాయి ముక్క ఒకటి రాడ్డు కింద తోసి "కవరు పెట్టాం" అనడం. ఆ ముక్క పక్కకు జారితే రాడ్డు సెంట్రింగు రేకుకు ఆనుకుంటుంది. కొన్నేళ్లకు శ్లాబు అడుగున పెచ్చులూడి ఎర్రటి రాడ్లు బయటపడే ఇళ్లు మన తీరంలో ఎన్నో. సరైన మందంలో అచ్చుపోసిన కవరు బ్లాకులు పెద్ద ఖర్చు కాదు, ముందే తెప్పించి సైటులో పెట్టండి. బోరు నీటినీ పరీక్ష చేయించండి. రాడ్లున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండింటినీ మన వాళ్లు అంత తేలిగ్గా మరిచిపోరు. పక్కనే ఉన్న విశాఖపట్నానికి ప్రమాణాల్లో ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పిల్లర్లూ శ్లాబూ ఉన్న ఇల్లు ఆ గాలికి నిలబడుతుంది. ఎగిరిపోయేవి తర్వాత అతికించినవి: డాబా మీద రేకుల షెడ్డు, పెద్ద అద్దాల కిటికీలు, సరిగా బిగించని నీళ్ల ట్యాంకు. ఫొటోల్లో చూసిన నేల నుంచి పైకప్పు దాకా అద్దాల గోడ మీ తమ్ముడికి కావాలన్నారు. తూర్పు ముఖానికి అది పెట్టాలంటే అద్దం మందం, ఫ్రేము బలం, బిగింపు లెక్క వేసి చూపించమనండి, ఖర్చు చూశాక నిర్ణయించుకోండి. డాబా మీద రేకుల షెడ్డు ఎప్పటికైనా వేస్తామనుకుంటే ఇప్పుడే చెప్పండి. స్తంభాలకు బోల్టులు శ్లాబుతో పాటే వస్తాయి. తర్వాత శ్లాబు తొలిచి బిగిస్తే నీరు దిగుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ఆర్కిటెక్టుతో కూర్చుని వేసుకోవాల్సిన లెక్కే. సంక్రాంతి దాటాక పునాది తీస్తే వానలు ముదరకముందే మొదటి శ్లాబు పడే అవకాశం ఉంటుంది. ఊడ్పుల రోజుల్లో కూలీలు పొలాలకు పోతారు, అక్టోబరు నవంబరుల్లో తుపాను భయం. ముహూర్తాలు వీటి మధ్యలో పడేలా సిద్ధాంతి గారినే అడగవచ్చు, ఆయనకూ ఈ కాలాలు తెలుసు.

దూరం నుంచి చూసుకోవడం గురించి సూటిగా చెబుతాను. రోజూ వీడియో కాల్ చేసి మేస్త్రిని తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆయనకు చిరాకు, మీకు తృప్తి లేదు. ఆర్కిటెక్టు కూడా రోజూ రారు. ఆయన బాధ్యత అప్పుడప్పుడూ వచ్చి డ్రాయింగు ప్రకారం జరుగుతోందో లేదో చూడటం వరకే. రోజూ ఉండే మనిషి కావాలంటే మీ ఖర్చుతో ఒక సైటు సూపర్‌వైజరును పెట్టుకోవాలి, ఆయన ఆర్కిటెక్టు మాట మీద నడవాలి. డిప్లొమా చదివిన స్థానిక కుర్రాళ్లు దొరుకుతారు. రెండంతస్తుల ఇంటికి ఇది అనవసరపు ఖర్చు కాదు.

మీరు పట్టుబట్టాల్సింది ఆగే చోట్ల మీద. పునాది గుంట అడుగు ఇంజనీరు కళ్లతో చూడకుండా కాంక్రీటు పడకూడదు. మట్టి పరీక్ష చేయించినా సరే, నల్లమట్టి పొర ఎక్కడో ఒక మూల తగలవచ్చు. ప్రతి శ్లాబుకూ రాడ్లు కట్టాక, కరెంటు పైపులు పరిచాక, ఇంజనీరు చూసి సంతకం పెట్టాకే కాంక్రీటు. శ్లాబు రోజున ఘనాకారపు అచ్చుల్లో మూడు నమూనాలు తీయించి 28 రోజులకు ల్యాబులో నలిపించండి. సెంట్రింగు విప్పడానికి తొందర పడనివ్వకండి. ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న శ్లాబు కింద ఆనికలు కనీసం వారం, అంతకు మించితే రెండు వారాలు ఉండాలి. మన దగ్గర ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటుకు తడి కనీసం పది రోజులు ఆరకూడదు. ఈ పని నాన్నగారికి అప్పజెప్పండి. పొద్దున్నా సాయంత్రమూ ఆయన సైటుకు ఎలాగూ వెళ్తారు, నీళ్లు పెట్టించడంలో పెద్దవాళ్లంత నిక్కచ్చిగా ఇంకెవరూ ఉండరు. చెల్లింపులు కూడా ఈ ఆగే చోట్లకే ముడిపెట్టండి, ఆర్కిటెక్టు "సరే" అన్నాకే తర్వాతి విడత.

పని నడుస్తుండగా మార్పు కావాలనిపిస్తే, అనిపిస్తుంది కూడా, దానికి ఒకే దారి పెట్టుకోండి. సైటులో ఒక రిజిస్టరు, కార్బన్ పేపరుతో. మార్పు ఏమిటో ఆర్కిటెక్టు అందులో రాస్తారు, ఖర్చు ఎంత పెరుగుతుందో పక్కనే రాస్తారు, మీరు ఫోనులో చూసి ఒప్పుకుంటే నాన్నగారు సంతకం పెడతారు, అప్పుడే మేస్త్రి చేస్తారు. నోటిమాట మార్పు ఎవరిదైనా సరే, మేస్త్రి వినకూడదు. నాన్నగారి మాటైనా సరే. ఇది ఆయనకు కష్టంగా ఉంటుంది. పని మొదలుకాకముందే మీరు కూర్చుని నెమ్మదిగా చెప్పాలి, ఆర్కిటెక్టు చేత చెప్పించకండి.

గోడలకు ప్లాస్టరింగు చేసే ముందు కరెంటు పైపులూ నీటి గొట్టాలూ వెళ్లిన ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటోలు తీయించండి, నేల నుంచి ఎంత, మూల నుంచి ఎంత అన్నది కనబడాలి. పదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. గృహప్రవేశం నాటికి, కట్టింది కట్టినట్టు చూపించే డ్రాయింగులు ఆర్కిటెక్టు నుంచి తీసుకోండి. కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన మొత్తంలో కొంత భాగం, ఆర్కిటెక్టు ఫీజులో చివరి విడత, ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోవచ్చునని ఒప్పందంలో ముందే రాయించండి. నవంబరు చివర ఆర్కిటెక్టు, మేస్త్రి ఇద్దరూ వచ్చి, డాబా వాలు, కిటికీల కింద చెమ్మ, స్నానాల గది గోడల వెనక తడి చూసి, చేయాల్సినవి చేశాకే ఆ డబ్బు చెల్లించండి. ఆ రాక ఏ నెలలో అన్నది కూడా రాయండి. అది కాగితం మీద లేకపోతే గృహప్రవేశం అయ్యాక ఇద్దరినీ మళ్లీ ఒకేసారి ఆ ఇంటికి రప్పించడం మీ వల్ల కాదు.